కాలువలు కట్టిన కాలము

గోదావరి డెల్టాలో వేసవి యెప్పుడు మొదలైనదో తెలిసికొనుటకు పంచాంగము తిరుగవేయ నక్కరలేదు. దాళ్వా కోతలు ముగిసి, ధవళేశ్వరము వద్ద కాలువలకు నీరు కట్టివేసిన నాడే మాకు వేసవి. ఏడాదిలో అత్యధిక భాగము నిండుగా పారుచు, తన అడుగున ఏమున్నదో ఎవరికిని చూడనీయని కాలువ, ఆ కొలది వారములు మాత్రము వైద్యుని యెదుట చొక్కా విప్పిన రోగివలె తన గట్ల కోతలను, లాకు తలుపుల తుప్పును, గుర్రపుడెక్క వేళ్ళలో చిక్కుకొన్న సకల కల్మషమును బయటపెట్టును. మరల నీరు వదలులోపుగా చేయగలిగినంత మరమ్మతు చేయుటయు, చేయలేనిదానిని రాబోవు వేసవికి వాయిదా వేయుటయు ఈ డెల్టాలో తరతరముల ఆచారము. మా గృహస్థాశ్రమము కూడ ఇట్టి కాలువయే యని నాకు ఈ యేడు తెలిసినది.

పిల్లలు దూరదేశములలో ఉద్యోగములలో నున్నారు. మా యావిడ బడిపంతులమ్మ. బడులు మూసిన వేసవి యంతయు ఆమెకు సెలవు. నాకు శని ఆదివారములు మాత్రమే. ఇన్నేండ్లుగా ఆమె బడి, నా కచేరి, పిల్లల చదువులు అను మూడు ప్రవాహముల క్రింద కనుపించక పడియున్న ఇంటి లోపములు — మేడమీది పగుళ్ళు, కుంగిన నవారు మంచము, మెట్ల క్రింద గోనెపట్టా కప్పుకొని తుప్పు పట్టుచున్న రెండు సైకిళ్ళు — ప్రవాహము తగ్గగానే ఒక్కసారిగా బయల్పడినవి. పగుళ్ళు పూడ్చుటకు ఒప్పుకొన్న మేస్త్రీ యొకడు మూడు వారములు వరుసగా "రేపు తప్పకుండా" అనుచునే యుండెను. ఆయన మీద కోపము లేదు. ఎండాకాలములో తాపీ పట్టినవానికి ఇల్లు కట్టుకొనువారి పిలుపుండగా, పగులు పూడ్చుకొనువారి పిలుపెట్లు వినబడును? మూడవ శనివారము సాయంకాలము మా యావిడ, "ఆయనొచ్చేసరికి వానలొచ్చేస్తాయండీ. మనమే చేసుకుందాం పదండి" అనెను. ఆ మాటలో "మనమే" అనుపదమునకు నేనెంత పని చేయవలసివచ్చునో అప్పటికి తెలియదు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత గల దేశములో, పగటిపూట ఏ పనియు చేయరాదనునది మేము పెట్టుకొన్న మొదటి నియమము. వేకువన అయిదు గంటలకు సైకిళ్ళు. ఏడున్నరలోపున ఇల్లు చేరుట. మధ్యాహ్నము కిటికీలు మూసి నిదుర. పొద్దు వాలిన తరువాత పని. ఈ కాలక్రమమును వినిన మా పొరుగువారొకరు, దీనికి సెలవు అని పేరెందుకని అడిగిరి.

సైకిళ్ళను వెలుపలికి తీసిననాడే సగము దినము గడచినది. నాది నల్లని హెర్క్యులిస్, ఇరువది రెండంగుళములది. ఆమెది అడ్డుకడ్డీ లేని ఆడవారి సైకిలు. రెంటికిని వాల్ ట్యూబులు ఎండి పెళుసుబారినవి, గొలుసులు బిగిసినవి. వీధి చివర పంక్చర్లు వేయు ముసలాయన మా బండ్లను చూచి, "ఇవి బాగుచేయడం కంటే కొనడం చవక" అని చెప్పదగినవాడై యుండియు అట్లు చెప్పక, ట్యూబును గాలితో నింపి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేచునో చూపి, ఉప్పుకాగితముతో గీకుట, సొల్యూషన్ పూసి అది కొంచెమారువరకు ఓపిక పట్టుట, ఆపైన అతుకు నొక్కుట — ఈ క్రమమును మా యావిడకు నేర్పెను. నాకు కాదు. నేను అతుకు నొక్కుటలో తొందరపడుదునని ఆయన మొదటి చూపులోనే గ్రహించినట్లున్నాడు. ఎండలో నిలుపవద్దనియు, మే నెలలో గాలి మరీ గట్టిగా కొట్టవద్దనియు, ఎండకు లోపలి గాలి వ్యాకోచించి పాత అతుకులను లేపుననియు చెప్పి, రెండు బండ్లకు కలిపి ఆయన పుచ్చుకొన్న సొమ్ము మేము కాఫీ హోటలులో ఒక పూట ఇచ్చుదానికంటె తక్కువ.

మా దారి ఏటిగట్టు. రాజమహేంద్రవరమున ఊరు ఇంకను మేల్కొనకముందు, 1900లో తొలిరైలు నడచి 1997లో సెలవు తీసికొన్న హేవలాకు వంతెన రాతి స్తంభములు బూడిదరంగు నీటిలో ఒకటొకటిగా తెల్లవారుచుండగా, దిగువకు ధవళేశ్వరమువరకు తొక్కుకొని పోవుటలో కొత్త యేమియు లేదు. కాని ఇన్నేండ్లుగా ఆ గట్టునే మోటారు బండిపై పోయిన నాకు, గట్టునకు వాసన యున్నదని సైకిలెక్కిన పిమ్మటనే తెలిసినది. తడి యిసుక, కాలిన ఆకులు, రేవులో ఉతికిన బట్టల సబ్బు, చేపల బుట్టలు — ప్రతి రెండువందల గజములకును గాలి మారును. మోటారు బండికి ఈ దూరములన్నియు కలిసి ఒక్క పెట్రోలు వాసనగా నుండెడివి.

ధవళేశ్వరమున ఆగి ముంజలు తినుట మా విరామము. కాటను దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట నూరేండ్లకు పైబడి, మరమ్మతులు చేయించుకొనుచును, ఎత్తు పెంచుకొనుచును నిలిచినది. ఇప్పుడు దాని స్థానమున నున్నది 1982లో పూర్తియైన బారేజీ. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములకును కలిపి 175 తలుపులు. ఆ తలుపులను వరుసగా చూచుచు మా యావిడ ఒకనాడు, "వీటికి రంగు వేయడానికి ఎన్ని శని ఆదివారాలు పడతాయో" అనెను. ఆమె అప్పటికే పనివారి కండ్లతో లోకమును చూచుచుండెను.

సంసారము బండి యనియు, ఆలుమగలు దానికి రెండు చక్రములనియు పెండ్లి పందిళ్ళలో పెద్దలు చెప్పగా విననివారుండరు. ఈ ఉపమానము కల్పించినవారు ఎద్దుబండిని చూచి చెప్పిరే కాని సైకిలును చూచి చెప్పలేదు. ఎద్దుబండి చక్రములు పక్కపక్కన నుండి, సరిసమానముగా తిరుగుచు, లాగవలసిన బరువును మాత్రము ఎద్దులకు వదలివేయును. సైకిలు చక్రములు ఒకదాని వెనుక నొకటి: ముందున్నది తానే దారి చూపుచున్నానని మురిసిపోవును, గొలుసు తగిలియున్నది వెనుకదానికి. మేము బయలుదేరిన తొలి వారములలో నేను ముందు, ఆమె వెనుక. ఎదురుగాలిలో ముందు పోవువాడు వెనుకవారికి గాలి కాయునను మాట నిజమే యైనను, నాది ఆ ఔదార్యము కాదు. మగవాడు ముందు పోవలెనను పాత అలవాటు మాత్రమే. నాలుగవ వారమునకు ఆమె నన్ను దాటిపోయి, కడియము దారి మలుపున ఆగి, మజ్జిగ సీసా మూత తీసి పట్టుకొని నిలిచియుండెను. చిన్ననాడు అద్దె సైకిలు చట్రము నడుమనుండి కాలు దూర్చి తొక్కి మోకాళ్ళు చీరుకొన్న పిల్ల యామె. ఆ సంగతి నాకు పెండ్లియైన ఇన్నేండ్లకు ఆ మలుపున తెలిసినది.

1895 జూలైలో పెండ్లాడిన మేరీ, పియెర్ క్యూరీలు కానుకగా వచ్చిన సొమ్ముతో రెండు సైకిళ్ళు కొనుక్కొని ఫ్రాన్సు పల్లెదారులలో విహరించిరని ఒక సాయంకాలము ఆమెకు చెప్పితిని. రేడియము కనుగొనుటకు మునుపే ఆ దంపతులు కలిసి చేసిన పని యది. "వాళ్ళకి మే నెల రాజమండ్రి తెలీదు" అని ఆమె సంక్షేపముగా తేల్చివేసెను.

ఇక నన్ను కొంత కలవరపెట్టిన విషయము. ఒక ఆదివారము వేకువన, హేండిలుకు అన్నపు క్యారియరు తగిలించుకొని, వెనుక మట్టపు బద్దయు తాపీయు కట్టుకొని పోవుచున్న పనివాడొకడు మా పక్కకు వచ్చి వేగము తగ్గించి, "బండి పాడైందా సారూ?" అని జాలితో అడిగెను. "లేదయ్యా, ఊరికే" అంటిని. "ఊరికేనా!" అని అతడు ఆ మాటను ఒకసారి నోటిలో తిప్పి చూచుకొనెను. నేను ఊరికే తొక్కుచున్న దారినే అతడు కూలికై తొక్కుచున్నాడు. నేను ఏడున్నరకు నీడ పట్టిన పిమ్మట అతడు ఎండలో పని మొదలుపెట్టును. మరల ఆ దారినే కాళ్ళీడ్చుకొనుచు పోవును. మన ఊళ్ళలో నేడు సైకిలు తొక్కువారు రెండు తెగలు: మోటారు బండి కొనలేనివారు, మోటారు బండి ఎక్కి ఎక్కి ఒళ్ళు బరువెక్కినవారు. ఈ నడుమ నుండిన విశాలమైన తెగ — బడిపంతుళ్ళు, గుమాస్తాలు, పోస్టుమాన్లు — నా కండ్లముందే అంతరించినది. సైకిలుకు పురపాలక సంఘమువారు పన్ను వసూలుచేసి బిళ్ళ యిచ్చిన రోజులలో, దీపము లేనివానిని పోలీసు ఆపిన రోజులలో, ఆ వాహనమునకు రోడ్డుపై ఒక గౌరవముండెను. పన్ను పోయినది, దానితోపాటు గౌరవమును పోయినది. రోడ్లు వెడల్పు చేయుటకు గట్టున చింతలను, రావులను కొట్టివేయునపుడు సైకిలువానికి నీడ కావలెనను తలపు ఏ అధికారికిని రాలేదు. హైదరాబాదు వెలుపలి వలయరహదారి వెంబడి 2023లో సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసిరి, శ్లాఘనీయమే. కాని ఆ నీడ ఊరికే తొక్కువారికి అందినంతగా, క్యారియరు తగిలించుకొని పోవువానికి అందునా? ఏటిగట్టుపై ఆదివారము ఉదయము రెండు గంటలు మోటార్లను ఆపుమని కోరుచు ఈ శీర్షికలో వ్రాయవలెనని బయలుదేరితిని. ఆ పనివానిని చూచిన పిమ్మట, అన్ని దినములును అతనికి చెట్టునీడయు, గజమెడు అంచును కావలెనని వ్రాయుచున్నాను.

మా యావిడ అతనిని ఊరికే పోనీయలేదు. పక్కన తొక్కుచునే పగుళ్ళ సంగతి అడిగెను. "పైపైన పూస్తే ఊడిపోద్దమ్మా. పగుల్ని ఉలితో ఇంకాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, బాగా తడిపి, అప్పుడు కూరండి. ఎండాకాలం సిమెంటుకి నీళ్ళే అన్నం. ఏడ్రోజులు తడపండి" అని, మలుపులో చేయి యెత్తి, పోయెను. ఆ సాయంకాలము ఉలి నాకు, తాపీ ఆమెకు పంచబడినవి. ఒకపాలు సిమెంటు, మూడుపాళ్ళు జల్లించిన ఇసుక, తడిగోనెలు కప్పుట, ఏడు దినములు ఉదయము సాయంకాలము నీరు పోయుట. తరువాతి శనివారము గుల్లసున్నము. నీళ్ళలో పడిన సున్నపుగడ్డలు కుతకుత ఉడుకుట నేను చిన్నతనమున చూచిన వింత. అది రాత్రంతయు చల్లారి, గుడ్డతో వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో మేడంతయు రెండుసారులు పూయగా, వెన్నెలలో ఆ తెలుపునకు కండ్లు చెదరినవి. తెల్లని కప్పు ఎండను తిప్పికొట్టి గదిని చల్లబరచునని తెలంగాణ ప్రభుత్వము 2023లో ఒక విధానమునే ప్రకటించినది. మా అమ్మమ్మ ప్రకటన లేకయే ప్రతి చైత్రమున ఆ పని చేయించెడిది.

ఆవకాయ పెట్టిన వారమున ఇతర పనులు నిషిద్ధములు. దానిని గురించి చెప్పుటకు నాకధికారము లేదు, ముక్కలు తుడిచితిని.

నవారు మంచము మాత్రము మమ్ము రెండు ఆదివారములు మింగినది. పట్టెలకు నిలువున నవారు చుట్టుట సులువే. అడ్డముగా ఒక వరుస విడిచి ఒక వరుస క్రిందుగా దూర్చి లాగుటలో నున్నది విద్య. నేను లాగవలెను, ఆమె మోకాలితో అదిమి పట్టవలెను. సగమైన పిమ్మట చూడగా, మేము చివర ఎంత గట్టిగా బిగించుచుంటిమో, మొదట బిగించిన వరుసలంతగా వదులగుచున్నవి. "మీరు మొదట్లో మొహమాటంగా లాగారు" అని ఆమె. "నీవే పట్టు వదలితివి" అని నేను. నవారంతయు విప్పి, ఒకరి ముఖమొకరు చూడక, మొదటినుండి అల్లితిమి. రెండవసారి ఎవరును మాటలాడలేదు. మంచము మద్దెలవలె మ్రోగినది. ముప్పదేండ్ల క్రితము ఆమె తండ్రి ఇచ్చిన మంచమది. కోళ్ళమీది లక్కరంగు ఇంకను చెదరలేదు.

మృగశిర ప్రవేశించిన మూడవనాటి రాత్రి తొలివాన కురిసెను. కాలువలకు నీరు వదలిన వార్త ఆ ఉదయమే వచ్చినది. పత్రిక చూచుచు నేను, ఆమె రేపటి పాఠము వ్రాసికొనుచు నుండగా, హాలులో టపటపమని శబ్దము. దీపము వేసి చూచితిమి. చుక్క పడుచున్నది మేము పూడ్చిన పగులు క్రింద కాదు. దానికి మూరెడు ఎడముగా, సరిగా నవారు మంచము నడుమ. ఆమె బకెట్టు తెచ్చి మంచముపై పెట్టి, తల పైకెత్తి చాలసేపు పరీక్షించి, "మనం పూసిన చోట ఒక్క చుక్క కారలేదు, చూశారా!" అనెను.

— తీరవాసి