"వాడికి మాత్రం చెప్పకండి" అనడం ఇక ఆపుదాం

మన ఇళ్ళలో ఒక మాట ఉంది. పిల్లాడు దూరంగా ఉన్నప్పుడు ఇంట్లో ఏ కష్టం వచ్చినా అందరి నోటా ముందు వచ్చేది అదే. "వాడికి మాత్రం చెప్పకండి, బెంగ పెట్టుకుంటాడు." నేనూ అన్నాను. ఒకసారి కాదు, మూడు ఆదివారాలు వరసగా అన్నాను. అది ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు కాదంటున్నాను. మీలో ఎవరి పిల్లలైనా మిలిటరీ ట్రైనింగ్‌లో ఉంటే, లేదా రేపు వెళ్ళబోతుంటే, కాస్త ఓపిగ్గా చదవండి. కోపం వస్తే రానివ్వండి.

మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఒక ఊరు. రెండున్నర ఎకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మిర్చి, పత్తి తప్ప వేరే బతుకు తెలీదు. మా పెద్దాడు రెండేళ్ళు తెల్లారుజామున నాలుగింటికి లేచి సాగర్ కాలవ కట్ట మీద పరిగెత్తి అగ్నివీర్‌గా సెలక్టయ్యాడు. 2025 ఏప్రిల్ ఆఖర్లో రైలెక్కించాం. పండుమిర్చి పచ్చడి సీసా సంచిలో పెడితే "అక్కడ ఉంచనివ్వరేమో అమ్మా" అని తీసి నా చేతిలో పెట్టాడు. అంతే, ఆ సీసా ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు మూత తియ్యలేదు.

వాళ్ళ సెంటర్‌లో ఫోన్లు లోపల పెట్టేసి ఆదివారం కాసేపు ఇస్తారు. మొదటి ఆదివారం పదకొండు నిమిషాలు మాట్లాడాడు. మా అత్తగారు, నేను, ఆడపడుచు, తోటికోడలు, ఎదురింటి పిన్నిగారు, అందరం వంతులేసుకుని అడిగింది ఒకటే. తిన్నావా, నిద్ర పడుతుందా, ఎండలెట్లా ఉన్నాయి? వాడు అందరికీ "బానే ఉన్నా" అన్నాడు. మా ఆయన ఫోన్ అందుకుని "ఆఁ, జాగ్రత్త, అమ్మకిస్తున్నా" అన్నారు. తండ్రీ కొడుకుల సంభాషణ అక్కడితో సరి.

ఆ తర్వాత మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. టీవీల్లో సైరన్లు. 9న శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్, సరిహద్దులో ప్రాణం వదిలాడు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మావాడు ట్రైనింగ్‌లో ఉన్నాడని, సరిహద్దుకి వందల మైళ్ళ దూరంలో ఉన్నాడని తెలుసు. తెలిసినా ఆ తల్లి మొహం చూశాక అన్నం ఎట్లా దిగుతుంది? చుట్టాలు ఫోన్ చేసి "ఇప్పటికైనా వచ్చేయమను" అన్నారు. నేను రమ్మనలేదు. ఆ ఒక్క విషయంలో గట్టిగానే ఉన్నాను. మిగతా అన్నిట్లో తప్పు చేశాను.

ఆ ఏడు మిర్చి మా నడ్డి విరిచింది. అంతకు ముందు క్వింటాలు ఇరవై వేలు దాటి చూసిన గుంటూరు యార్డులో ధర సగానికి పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించింది. మేం ఎకరానికి రెండు లక్షల పైన పెట్టాం. కౌలు, మందులు, కోత కూలీ లెక్కేసుకుంటే అసలు కూడా వచ్చేలా లేదు. టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, నా గాజులు బ్యాంకులో పెట్టాం. అది చాలదన్నట్టు మే ఆఖర్లో మా మామగారు కల్లంలో కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషన్.

వాడికి చెప్పలేదు. తాతయ్య ఏరీ అంటే ఒక ఆదివారం పొలం వెళ్ళారన్నాను. రెండో ఆదివారం పడుకున్నారన్నాను. మూడో ఆదివారం కూడా ఏదో చెప్పాను. ఆ రోజే మా మేనల్లుడు, వాకర్ పట్టుకుని నిలబడ్డ తాతయ్య ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. పావుగంటకి మళ్ళీ ఫోన్ మోగింది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. మెల్లిగా అడిగాడు.

"నేను ఇక ఆ ఇంట్లో లేనట్టేనా అమ్మా?"

నా దగ్గర సమాధానం లేదు.

ఆ వారమంతా ఆలోచించాను. ఎవరి కోసం దాచాను? వాడు బెంగపడతాడని అనుకున్నాను గానీ, వాడు బెంగపడితే వినడం నా వల్ల కాదని దాచాను. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈ దేశం వాడి చేతికి తుపాకీ ఇచ్చి నమ్ముతోంది. వాడి తాతకి ఎముక విరిగిందన్న మాట చెప్పడానికి నేను నమ్మలేకపోయాను. పైగా ఈ రోజుల్లో దాగేదేముంది? మనం చెప్పకపోతే స్టేటస్ చెబుతుంది, ఊరి గ్రూపు చెబుతుంది. తేడా అల్లా మన నోటితో వింటాడా, పరాయి ఫోటోలో చూస్తాడా అన్నదే. ఒకసారి అబద్ధం దొరికాక ఏమవుతుందో తెలుసా? ఆ తర్వాత "అందరం బాగున్నాం" అని నిజం చెప్పినా వాడు నమ్మడు. రాత్రి బ్యారక్‌లో పడుకుని, ఇంకేం దాస్తున్నారో అని లెక్కలేసుకుంటాడు. బెంగ తప్పిద్దామని పది రెట్లు పెంచాం కదా!

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. మన గుంటూరు, ప్రకాశం తల్లులకి పిల్లల్ని దూరం పెట్టడం కొత్తేం కాదు. ఆరో తరగతికే కార్పొరేట్ హాస్టల్లో పడేసిన వాళ్ళం. ఆదివారం క్యారేజీలో కోడికూర పట్టుకెళ్ళి, గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చోబెట్టి తినిపిస్తూ ఏం అడిగాం? "వీక్లీ టెస్టులో ఎన్నొచ్చాయి?" వారం వారం చూశాం, మాట్లాడాం. వాళ్ళ గురించి మార్కులు తప్ప మనకేం తెలుసు? వాళ్ళకి మన గురించి ఫీజు కట్టామా లేదా అన్నది తప్ప ఏం తెలుసు? అందుకే అంటున్నాను, ఫోన్లు తీసేసుకున్నారని ఆర్మీని తిట్టకండి. చేతిలో ఫోన్ ఉన్నప్పుడు కూడా మనం పెద్దగా మాట్లాడింది లేదు. పొద్దున్నే లేచి ఒళ్ళు హూనం చేసుకునే పిల్లలు రాత్రి పూట ఫోన్‌లో మన ఏడుపు వింటూ కూర్చుంటే వాళ్ళకి నిద్ర ఎప్పుడు?

"మరి చెబితే వాడు చేయగలిగిందేముంది?" అని మా ఆడపడుచు నన్ను దులిపేసింది. న్యాయమైన ప్రశ్నే. ఏమీ చేయలేడు. అయితే చెప్పడంలో ఒక పద్ధతి ఉంది. ఏం జరిగిందో చెప్పాలి. మేం ఏం చేశామో చెప్పాలి. నువ్వు చేయాల్సిందేమీ లేదని కూడా చెప్పాలి. "తాతయ్య పడ్డారు, ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తున్నారు, చిన్నాన్న దగ్గరున్నాడు, నువ్వు రావక్కర్లేదు." ఇంతే. దీనికి బెంగ పెట్టుకోడా అంటే పెట్టుకుంటాడు. తాతయ్య కోసం బెంగ పెట్టుకునే మనవడు ఉండటం తప్పా? ఆ బెంగ వాడి హక్కు.

చెప్పడానికి ఫోన్ సరిపోదు. పదకొండు నిమిషాల్లో అయిదుగురు మాట్లాడాలి. అందుకే ఉత్తరం రాయండి. నవ్వకండి. ఇన్‌లాండ్ లెటర్ ఇంకా రెండున్నర రూపాయలే. ఆర్మీకి సొంత పోస్టల్ సర్వీసే ఉంది. 1972 మార్చి 1 నుంచి అది విడిగా ఒక కోర్. వాళ్ళ నినాదం "మేల్ మిలాప్". ఉత్తరాలు కలుపుతాయని అర్థం వచ్చేలా పెట్టుకున్నారు. మంచు కొండల మీద సైనికుడికి కూడా ఇంటి ఉత్తరం చేరాలని అంత ఏర్పాటు చేశారంటే, ఉత్తరం విలువ మనకంటే వాళ్ళకే బాగా తెలుసన్నమాట.

ఉత్తరం ఆలస్యంగా వెళ్తుంది, నిజమే. కానీ ఫోన్ పెట్టేశాక ఏం మిగలదు. ఉత్తరం పెట్టెలో ఉంటుంది. మనసు బాగాలేని రోజు తీసి మళ్ళీ చదువుకోవచ్చు. రాయడం రాని తల్లులు కూతురితోనో కోడలితోనో చెప్పి రాయించండి. అది కూడా కుదరకపోతే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పెట్టండి, ఆదివారం ఫోన్ చేతికొచ్చినప్పుడు వింటాడు. ఎదురు ప్రశ్నలు లేకుండా అమ్మ గొంతు ఐదు నిమిషాలు వినడం కూడా వాడికి విశ్రాంతే.

మా ఇంట్లో మొదటి ఉత్తరం నేను రాయలేదు. మా ఆయన రాశారు. పెళ్ళై ఇరవై మూడేళ్ళలో ఆయన సంతకం తప్ప రాత చూడలేదు నేను. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని అరపేజీ రాశారు. తేజ ఎన్ని టిక్కీలు స్టోరేజీలో ఉన్నాయో, అప్పు ఎంతో, అమ్మ గాజులు ఎక్కడున్నాయో, తాతయ్య ఎన్ని అడుగులు నడుస్తున్నారో రాశారు. ఈసారి కౌలు పొలం సగం వదిలేస్తున్నామని రాశారు. చివర్లో "చెప్పనందుకు తప్పు మాదే" అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు.

జవాబు పద్దెనిమిది రోజులకి వచ్చింది. రెండు పేజీలు. వాడి కాళ్ళు పొక్కులెక్కి రక్తం కారాయట. ఒక పరుగు పరీక్షలో ఫెయిలై మళ్ళీ పాసయ్యాడట. మొదటి నెల రోజూ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాడట. "బానే ఉన్నా" అని ఆదివారం ఆదివారం చెప్పిన కుర్రాడు వాడే! మేం దాస్తే వాడూ దాచాడు. మేం చెబితే వాడూ చెప్పాడు. ఇంతకంటే రుజువు నాకేం కావాలి?

ఇంకొన్ని మాటలు చెప్పి ముగిస్తాను. ఆ పదకొండు నిమిషాల్లో "నాలుగేళ్ళ తర్వాత ఏంటి పరిస్థితి?" అని అడగకండి. నలుగురిలో ఒకరికే కొనసాగింపని వాడికీ తెలుసు. జీతం ఎంత చేతికొస్తుంది, ఎంత పంపుతావు అని అడగకండి. మొదటి ఏడు 30,000లో చేతికొచ్చేది 21,000 అని వీధిలో అందరికీ తెలుసు. "కష్టంగా ఉంటే వచ్చేయ్" అని తేలిగ్గా అనకండి. అట్లాగని వాడు నిజంగా కుంగిపోయినట్టు అనిపిస్తే "సర్దుకో" అని ఊరుకోకండి, ఉత్తరం కోసం ఆగకండి. వెంటనే సెంటర్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి.

కూతుళ్ళని పంపిన తల్లులకి ప్రత్యేకంగా చెబుతున్నాను. 2025 మే 30న ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి మొట్టమొదటిసారి 17 మంది అమ్మాయిలు శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 1992 నుంచే అమ్మాయిలు ఉన్నారు. మన ఊళ్ళల్లో అమ్మాయికి కబుర్లు దాచడం ఇంకా ఎక్కువ. "ఆడపిల్ల, తట్టుకోలేదు" అంటారు. తట్టుకోలేని పిల్లయితే అక్కడిదాకా వెళ్ళేదా?

మా వాడి కసమ్ పరేడ్‌కి మామగారు కూడా వస్తామన్నారు. చేతికర్రతో. ఆ సంగతి వాడికి ముందే రాశాం. ఈసారి పచ్చడి సీసా కూడా తీసుకెళ్తున్నాను.

మీ పిల్లలు ఎక్కడున్నా, ఈ వారం ఒక ఉత్తరం రాయండి. ఇంట్లో ఏది దాస్తున్నారో, దాంతోనే మొదలుపెట్టండి.