చలిలో పది కిలోమీటర్లు

మా హైదరాబాదులో పేరున్న పెద్ద మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. చినుకులూ, ఉక్కా, ఒంటికి అంటుకుపోయే చెమటా! పరుగంటే నిజంగా మమకారం ఉన్నవాళ్ళు మాత్రం మార్గశిర పుష్యమాసాల కోసం కాచుకుని ఉంటారు. ఆ రోజుల్లో మా ఉప్పల్, నాచారం వైపు తెల్లవారుజామున వేడి పధ్నాలుగు, పదిహేను డిగ్రీలకు దిగుతుంది. ఢిల్లీవాళ్ళు వింటే ఇదీ ఒక చలేనా అని నవ్వుతారు. నవ్వనివ్వండి. మాకిది పెట్టె అడుగునుంచి మంకీ క్యాపులు బయటికి తీసే చలి.

పరిగెత్తేవాడికి చలి చుట్టం లాంటిది. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో కాళ్ళను ముందుకు తోసేది ఇంచుమించు పాతిక వంతే. మిగిలినదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని చెమట మోసుకుపోవాలి. చెమట పట్టినంత మాత్రాన చాలదు, అది ఆరాలి. గాలి తేమగా ఉన్న ఆగస్టులో అది ఆరక కారిపోతుంది. చలికాలపు పొడిగాలిలో పుట్టిన చెమట పుట్టినట్టే ఎగిరిపోతుంది. అందుకే అదే మనిషి, అవే కాళ్ళు, డిసెంబరులో రెండు మూడు నిమిషాలు ముందుగా గమ్యం చేరడం నేను ఎన్నోసార్లు చూశాను.

నలభై ఏడేళ్ళ ఇల్లాలివి, నీకీ పరుగులేమిటమ్మా అంటారేమో. ఆ మాట మా అత్తగారు ఎప్పుడో అనేశారు, మీరు శ్రమపడనక్కరలేదు. నిజానికి ఆవిడకంటే ముందు మహామహులే అన్నారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తి అలిసిపోయి కనిపించారని, 1960 దాకా ఆ పందెమే ఎత్తేశారు. 1967లో బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తుతున్న కాథరిన్ స్విట్జర్ అనే అమ్మాయిని, ఒక నిర్వాహకుడు దారి మధ్యలో పట్టుకు లాగెయ్యబోయాడు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మారథాన్ పెట్టింది 1984లో, అంటే నిన్నగాక మొన్న. ఇదంతా మా అత్తగారికి చదివి వినిపిస్తే, “అయితే నేనన్నమాట పెద్దపెద్దవాళ్ళు కూడా అన్నారన్నమాట!” అని ఎంతో సంతోషించారు.

మా క్లబ్బంటే భవనమూ, బిలియర్డ్సు బల్లలూ ఊహించుకోకండి. ఒక బ్యాంకు గుమాస్తా, ఒక కిరాణా కొట్టాయన, ఇద్దరు నర్సులు, పరిశోధనశాలలో పనిచేసే ఒక పెద్దమనిషి, పక్క వీధి టీచరుగారు, నేనూ, ఇలా ఇరవై పైచిలుకు మందిమి. తెల్లవారకుండా ఐదింటికి హబ్సిగూడలో కలుసుకుంటాం. ఏడాదికొకసారి చలికాలంలో మాలో మేమే పది కిలోమీటర్ల పందెం పెట్టుకుంటాం. ఉప్పల్ క్రికెట్ స్టేడియం దగ్గర బయలుదేరి, మెట్రో రైలు స్తంభాల పక్కనే హబ్సిగూడ దాకా వచ్చి, అక్కణ్ణించి నాచారం వైపు తిరిగి, వెళ్ళినదారినే వెనక్కు రావాలి. ఒకప్పుడు రామారావుగారి రామకృష్ణా స్టూడియో అంటే ఊరూరా తెలిసిన నాచారం, ఇప్పుడు ఫ్యాక్టరీ గోడలతో, అపార్టుమెంట్లతో కిక్కిరిసిపోయింది.

పది కిలోమీటర్లంటే పదేనా అన్న పేచీ ప్రతి ఏడూ వస్తుంది. చేతి గడియారాలు ఒక్కొక్కటి ఒక్కొక్క లెక్క చెబుతాయి మరి. అసలు ప్రపంచంలో ఎక్కడైనా రోడ్డు పందేనికి దారి కొలిచేది సైకిలుతో. ముందుగా ఉక్కు టేపుతో కొలిచి పెట్టుకున్న కొంత దూరం మీద సైకిలు నాలుగైదుసార్లు తొక్కి, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ముందు చక్రానికి బిగించిన లెక్కయంత్రంలో చూసుకుంటారు. తర్వాత మలుపుల్లో అతి దగ్గరి దారి పట్టుకుని పందెం దారంతా తొక్కుతారు. పొరపాటున దారి కురచకాకుండా వెయ్యికి ఒకటి చొప్పున, అంటే పది కిలోమీటర్లకు పది మీటర్లు, కలిపి గీత గీస్తారు. ఇక మనం పాములా వంకర్లు తిరుగుతూ పరిగెడితే ఆ అదనపు దూరం మన సొంత ఖర్చు. దేశాన్ని కొలిచే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణాలయం మా ఉప్పల్‌లోనే ఉంది. అయినా కొలత దగ్గర మాలో మాకు కుదరదు!

గంటా పది నిమిషాలలోపు పూర్తి చెయ్యాలన్నది మూడేళ్ళుగా నా పట్టుదల. కిందటేడు గంటా పదకొండు నిమిషాల నలభై సెకన్లయింది. ఈసారి ఆరింటికి బయలుదేరాం. నాచారంలో వెనక్కు తిరిగేసరికి ముప్పైనాలుగున్నర నిమిషాలు. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. తోపుడుబండి మీద ఇడ్లీపాత్ర ఎక్కిస్తున్న ఒకామె, “గింత సలిల యాడికమ్మా ఉరుకుతున్నరు?” అని అడిగింది. జవాబు చెప్పే ఊపిరి నాకుంది. అది మంచి శకునం.

టీచరుగారు నా పక్కనే వస్తున్నారు. ఆవిడకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. డాక్టరు పరుగు వద్దనలేదు. ముందు మెల్లగా ఒళ్ళు వేడెక్కించుకోమనీ, బయలుదేరేముందు మందు పీల్చుకోమనీ, ముక్కుకు మఫ్లరు చుట్టుకోమనీ చెప్పారట. అన్నీ చేశారు. ఏడో కిలోమీటరు దాటగానే ఆవిడ రొమ్ములో పిల్లికూతలు నాకు వినిపించాయి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చలికాలం రాత్రుళ్ళు నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లబడుతుంది. పైన ఉన్న గాలి కాస్త వెచ్చగా ఉండి మూకుడు బోర్లించినట్టు మూతవేస్తుంది. కింది పొగ పైకి పోయే దారి లేదు. ఎండెక్కి నేల కాగితేగాని ఆ మూత లేవదు. మనం ‘స్వచ్ఛమైన ప్రాతఃకాల వాయువు’ అని పొగుడుకునేది చలికాలపు పట్నాల్లో చాలావరకు రాత్రి పొగే! ఆ ఉదయం ఫ్యాక్టరీ గోడ వారగా రోడ్లు ఊడ్చేవాళ్ళు ఎండాకులు పోగుచేసి చలి కాచుకుంటున్నారు. పొగ లేవకుండా నడుమెత్తున పరుచుకుని ఉంది. వాళ్ళను ఏమనగలం? మేము జెర్కిన్లు వేసుకుని సరదాకు వచ్చినవాళ్ళం. వాళ్ళు పాత స్వెట్టర్లతో మాకంటే ముందునుంచే చీపురు పట్టినవాళ్ళు.

“మీరు పోండి వదినా, నేనొస్త,” అన్నారు టీచరుగారు, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. మనిషి నిలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. గడియారం నలభై ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది. రెండుసార్లు చూశాను దానికేసి. తర్వాత ఆవిణ్ణి పొగకు దూరంగా ఒక షాపు మెట్ల మీద కూర్చోబెట్టాను. పడుకోబెట్టకూడదు, ముందుకు వంగి కూర్చోనివ్వాలి. మందు పీల్చే గొట్టం ఆవిడ జేబులోనే ఉంది. చేతులు వణుకుతుంటే నేను మూత తీసి ఇచ్చాను. పెదవుల రంగు మారుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. అంతసేపూ ఆవిడ ఇద్దరు పిల్లలూ నా కళ్ళముందే తిరిగారు. మోటారు సైకిలు మీద వచ్చిన మా క్లబ్బు కుర్రాడు ఫోన్ చేసి కారు పిలిపించాడు.

పది నిమిషాలకు కూతలు సన్నగిల్లాయి. మాట పూర్తిగా వచ్చింది. వచ్చిన మొదటి మాట ఏమిటనుకున్నారు? “మీ టైము పోయింది గద వదినా!” అని. కారులో ఎక్కించి, ముగింపు దగ్గర ఉన్న డాక్టరుకు అప్పగించమని చెప్పి పంపాను. మిగిలిన మూడు కిలోమీటర్లూ ఒక్కదాన్నే పరిగెత్తాను. గంటా ఇరవైమూడు నిమిషాలయింది.

మరుసటి ఆదివారం క్లబ్బులో పెద్ద చర్చ. వచ్చే ఏడాది పందెం ఆరింటికి కాదు, ఎండ వచ్చాక ఏడున్నరకు పెట్టాలని నేను ప్రతిపాదించాను. పొగ మూత సంగతి పరిశోధనశాల పెద్దమనిషి కూడా వివరించి చెప్పారు. చేతులెత్తమన్నారు. నా పక్షం తొమ్మిదిమంది, ఆరింటికే కావాలన్నవాళ్ళు పదకొండుమంది. ఆ పదకొండు చేతుల్లో టీచరుగారి చెయ్యి కూడా ఉంది!

“ఇదేమిటండీ?” అన్నాను, బయటికొచ్చాక.

“ఏడున్నరకు బస్సులు, లారీలు వస్తయి వదినా. అప్పుడు వాటి పొగ ఉండదా?” అన్నారావిడ.