నెలలు నిండనివ్వండి



మనము ముహూర్తాలు నమ్మమని చెప్పుకుంటాము. పెండ్లికి పంచాంగం చూడము. మరి సిజేరియన్ తేదీ దగ్గరకు వచ్చేసరికి ఆ మాట ఏమైపోతుంది? "అమావాస్య రాకముందే తీయించండి" అనే పెద్దలు మన సంఘాల్లోనూ ఉన్నారు. అది తప్పన్నవారే "డిసెంబరు 25న పుడితే ఎంత ఆశీర్వాదమో" అంటూ క్యాలెండరు పట్టుకుంటున్నారు. పేరు మారింది గాని పని ఒక్కటే. మంచి తేదీ ప్రార్థించి చెప్పండని మమ్మల్ని అడిగేవారూ ఉన్నారు. మేము చెప్పము.

ఆపరేషన్ పాపమని మేము అనడము లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి బి.పి. పెరిగినా డాక్టరు ఇప్పుడే అంటే ఇప్పుడే. అక్కడ ఆలస్యమే ప్రమాదము. మా అభ్యంతరమల్లా వైద్య కారణం లేకుండా ముందుకు జరిపే తేదీ మీదనే.

"తొమ్మిదో నెల పడింది గదా, స్కానింగులో బరువు బాగుంది గదా" అంటారు. తొమ్మిదో నెల పడేసరికి నిండేది 35, 36 వారాలే. బరువు వేరు, ఊపిరితిత్తులు సిద్ధపడడం వేరు. కడుపులో ఉన్నంతకాలం వాటిలో నీరుంటుంది. చివరి రోజుల్లో, ముఖ్యంగా నొప్పులు మొదలయ్యాక, ఆ నీరు ఇంకుతుంది. తొందరపడి తీస్తే బిడ్డ ఆయాసపడుతుంది. తల్లి వార్డులో, బిడ్డ బాక్సులో. ముర్రుపాలు ఆలస్యం, ఇంటికి అప్పు.

రెండోసారి సిజేరియన్ చేయించుకున్న అమెరికా తల్లులపై 2009లో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. నొప్పులు రాకముందే 37వ వారంలో తీసిన బిడ్డల్లో నూటికి 15 మందికి, 38లో 11 మందికి, 39లో 8 మందికి ఇబ్బందులు వచ్చాయి. ఒక్కొక్క వారానికి అంత విలువ! తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఇది మన ఇంటి సంగతే.

అత్తమామలారా, కోడలి మీద తేదీ రుద్దకండి. సహోదరులారా, డాక్టరును ధైర్యంగా అడగండి: "39 వారాలు నిండాయా? ముందే తీయడానికి కారణమేమిటి?" మొదటి నెలల స్కానింగు కాగితం భద్రపరచండి. వారాల లెక్క అందులోనే సరిగా తెలుస్తుంది. నొప్పులు ముందే వస్తే క్షణం ఆగక ఆసుపత్రికి వెళ్లండి.

గర్భములో బిడ్డను రూపించువాడు దేవుడని ఆదివారం సాక్ష్యమిస్తాము. సోమవారం ఆయన పని సగంలో ఆపించే హక్కు మనకెవరిచ్చారు? మంచి రోజు అంటే బిడ్డ సిద్ధపడిన రోజు. ఆమేన్.