రైల్ నిలయానికి ఒక విన్నపం: మందు దొరికింది, బెర్తు దొరకాలి

జనరల్ మేనేజర్ గారికి,
దక్షిణ మధ్య రైల్వే, రైల్ నిలయం, సికింద్రాబాద్.



కొత్త బండి వేయమనో, మా ఊళ్ళో హాల్టు ఇవ్వమనో మీకు రోజూ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఇది బ్లడ్ క్యాన్సర్ గురించి. చిరునామా తప్పి మీ బల్ల మీదికి వచ్చిందనుకోకుండా చివరిదాకా చదవమని మనవి. నేను చిలకలగూడలో ఉంటాను. వారంలో కొన్ని పూటలు పిల్లల క్యాన్సర్ వార్డులో తల్లిదండ్రులకు దరఖాస్తులు నింపిపెడుతుంటాను. అక్కడ మందుల గురించి డాక్టర్లు మాట్లాడతారు. తల్లిదండ్రులు మాట్లాడేది మాత్రం ప్రయాణం గురించే. ఎప్పుడు బయల్దేరాలి, రాత్రికి తిరుగు బండి ఉందా, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు, ఎన్ని రోజుల కూలి పోతుంది.

అక్యూట్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌లో ఎముక మజ్జ నిండా ఎదగని తెల్లకణాలు పుట్టుకొచ్చి మంచి రక్తానికి చోటు లేకుండా చేస్తాయి. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో దీనిదే పెద్ద వాటా. ఎనభై ఏళ్ళ కిందట ఇది వచ్చిన బిడ్డ కొన్ని వారాలో, నెలలో బతికేది. ఆ గోడకు మొదటి కన్నం పెట్టినవాడు మనవాడే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత అమెరికాలో, లెడర్లే ప్రయోగశాలలో, ఆయన బృందం ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే రోగం తగ్గకపోగా ముదిరింది. అలాగైతే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థం ఇస్తే రోగం తగ్గాలి కదా అన్నది తర్వాతి ఆలోచన. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఆ పని చేసింది. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ మెరుగుదల కొన్నాళ్ళదే. అయినా అంతకుముందు ఆ కొన్నాళ్ళు కూడా ఎవరూ చూడలేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ దాదాపు ప్రతి లుకేమియా పిల్లవాడి మందుల సంచిలో ఉంటుంది. దాని పక్కన 1950ల మొదట్లో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తెచ్చిన 6-మెర్కాప్టోప్యూరిన్. సూదిగా ఇచ్చే విన్‌క్రిస్టిన్ వచ్చింది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి. వీటిని ఏ వరసలో, ఎంత కాలం, ఎంత మోతాదులో కలిపి వాడాలో దశాబ్దాల తరబడి పరీక్షించి పరీక్షించి తేల్చారు. ఫలితంగా సంపన్న దేశాల్లో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది పూర్తిగా బాగుపడుతున్నారు. ప్రధానంగా పాత మందులతోనే, అంటే మన దగ్గరా దొరికే వాటితోనే.

మరి మనం అక్కడికి ఎందుకు చేరుకోలేకపోతున్నాం? ఆలస్యంగా గుర్తించడం, ఇన్‌ఫెక్షన్లు, పిల్లల్లో పోషణ లోపం, అన్నీ కారణాలే. వాటిలో ఒకటి మాత్రం మీ పట్టాల మీద నడుస్తుంది. అది వైద్యం మధ్యలో మానేయడం.

ఈ జబ్బుకు వైద్యం రెండున్నర, మూడేళ్ళు సాగుతుంది. మొదటి నెల ఎక్కువగా ఆసుపత్రిలోనే. తర్వాత కొన్ని నెలలు గట్టి కీమో, వెన్నులో సూదులు. ఆ గండం గడిచాక వచ్చేది మెయింటెనెన్స్. రోజూ 6-మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్, సుమారు రెండేళ్ళపాటు. అప్పటికి జుట్టు మళ్ళీ మొలుస్తుంది, బుగ్గలు నిండుతాయి, పిల్లవాడు బడికి పోతానంటాడు. "బాగానే ఉన్నాడుగా, ఇంకా ఆ తిరుగుడెందుకు" అని ఇంట్లో పెద్దలు అనడం మొదలుపెట్టేదీ అప్పుడే. అలా అనేవాళ్ళను నేను తప్పుపట్టలేను. ఆసుపత్రికి ఒకసారి వచ్చి వెళ్తే రెండు రోజుల కూలి పోతుంది.

కానీ ఈ దశలో అలసత్వం ఎంత ఖరీదో లెక్క ఉంది. 6-మెర్కాప్టోప్యూరిన్ మోతాదుల్లో 95 శాతం కన్నా తక్కువ వేసుకున్న పిల్లలకు జబ్బు తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లకు పైగా ఎక్కువని స్మితా భాటియా బృందం అమెరికాలో చేసిన అధ్యయనం తేల్చింది. నెలకు రెండు మోతాదులు తప్పినా ఆ గీత దాటినట్టే. మాత్రలు కొరియర్‌లో పంపితే సరిపోదా అంటారేమో. సరిపోదు. దక్షిణాసియా వాళ్ళలో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉంటుంది. వాళ్ళకు ఈ మందు మామూలు మోతాదే మజ్జను అణచివేసి కణాల సంఖ్యను ప్రమాదకరంగా పడగొడుతుంది. రక్తం పరీక్షించి, కౌంట్లు చూసి, మోతాదు పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. అందుకే సిర్పూర్ కాగజ్‌నగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి, భీమవరం నుంచి కూడా, పిల్లల్ని వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లో దిగుతుంటారు. సుబ్బారావు గారి ఊరి బిడ్డ ఆయన మందు కోసం మీ రైలెక్కి రావాలన్నమాట.

ఇక్కడ మీ శాఖకు దండం పెట్టాల్సిన విషయం ఒకటి ఉంది. 2020లో అనేక రాయితీలు ఎత్తేసినప్పుడు కూడా క్యాన్సర్ రోగుల రాయితీని రైల్వే ముట్టుకోలేదు. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ రోగికి ఛార్జీలో పూర్తి మినహాయింపు, తోడు వెళ్ళేవారికి 75 శాతం. ఇంత ఉదారమైన నియమం ఉందని వార్డులో చెప్తే చాలామంది నమ్మరు. నమ్మినవాళ్ళకూ అది చేతికందడం కష్టం. ధ్రువపత్రం పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్ దాకా వెళ్ళాలి. ఫోన్‌లో తీసుకునే టికెట్టుకు ఆ రాయితీ లేదు. తత్కాల్‌కు అసలే లేదు. తీరా చూస్తే ఈ రోగుల ప్రయాణాల్లో చాలామటుకు తత్కాల్ రకానివే. కౌంట్లు పడిపోయాయి, ఎల్లుండికల్లా రండి అని ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది. అప్పుడు దొరికేది జనరల్ బోగీ. తెల్లకణాలు అడుగంటిన బిడ్డకు ఆ కిక్కిరిసిన పెట్టెలో రాత్రంతా దగ్గుల మధ్య కూర్చోవడం ఎలాంటిదో మీ లాలాగూడ సెంట్రల్ ఆసుపత్రి డాక్టర్లను అడగండి, నాకన్నా బాగా చెప్తారు.

రాయితీ నియమాలు ఢిల్లీలో రైల్వే బోర్డు రాస్తుందని తెలుసు. దివ్యాంగులకు ఫొటో కార్డు ఇచ్చి ఆన్‌లైన్‌లోనే రాయితీ టికెట్టు ఇచ్చే పద్ధతిని పెట్టింది కూడా ఆ బోర్డే. అదే కార్డును లుకేమియా పిల్లలకు వైద్యం మొదలైన రోజే, మూడేళ్ళ గడువుతో ఇవ్వమని మీ జోన్ తరఫున ప్రతిపాదన పంపండి. మీ బండ్లలో అత్యవసర కోటా బెర్తులు ఇచ్చేది మాత్రం మీ అధికారులే. అనారోగ్యం లాంటి అవసరాలకు కూడా అది ఇవ్వొచ్చు. కానీ దాన్ని ఎలా అడగాలో తెలిసినవాళ్ళు సాధారణంగా ఎవరో ఒక పెద్దమనిషిని తెలిసినవాళ్ళే అయి ఉంటారు. క్యాన్సర్ ఆసుపత్రి నుంచి నేరుగా మీ వాణిజ్య విభాగానికి విన్నపం వెళ్ళే దారి ఒకటి పెడితే, మధ్యలో ఆ పెద్దమనిషి అక్కర్లేదు.

కొత్త వైద్యాలు వస్తే ఈ తిరుగుడు తగ్గుతుందనే ఆశ నాకు లేదు. బ్లినాటుమోమాబ్ అనే మందును మామూలు కీమోకు జోడిస్తే, మూడేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్న పిల్లలు 88 నుంచి 96 శాతానికి పెరిగారని 2024 చివర్లో తేలింది. కానీ అది 28 రోజులపాటు చిన్న పంపుతో ఆగకుండా ఎక్కించాల్సిన మందు, సంచి మార్చడానికి మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి రావాలి. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ముంబయిలో ప్రారంభించిన నెక్స్‌కార్19 అనేది ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన కణ చికిత్స. విదేశాల్లో అయ్యే ఖర్చులో దాదాపు పదోవంతుకే వస్తుందంటున్నారు. అది ఇచ్చే పెద్దాసుపత్రులు కొన్నే. ఇక ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రకం ఉంది. ఏట్రా మాత్రలు, ఆర్సెనిక్ కలిపి ఇస్తే చాలామందికి కీమో లేకుండానే నయమవుతోంది. వాళ్ళలో ప్రాణం పోయేది ఎక్కువగా మొదటి రోజుల్లో, రక్తస్రావంతో, ఒక్కోసారి మందు మొదలుపెట్టకముందే. ఆ రోగికి ఒక రాత్రి ఆలస్యం ఎంత పెద్దదో ఊహించగలరు.

రైల్వేకు ఈ జబ్బు పరాయిది కాదు. వారణాసిలో మీరే క్యాన్సర్ ఆసుపత్రి నడిపారు. ఇప్పుడది టాటా మెమోరియల్ చేతిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిగా ఉంది. 1991లో మొదలైన లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్‌కు 2016లో క్యాన్సర్ కోసం పెట్టెలు తగిలించారు. పంజాబ్‌లో భటిండా నుంచి బికనేర్ వెళ్ళే ప్యాసింజర్‌కు జనం క్యాన్సర్ ట్రైన్ అని పేరే పెట్టేశారు. అలాంటి పేరు మన బండ్లకు రావాలని కోరుకోను గానీ, అందులో ఎక్కేవాళ్ళలాంటి వాళ్ళు మన బండ్లలోనూ ఉన్నారు.

సికింద్రాబాద్ స్టేషన్‌ను 720 కోట్లతో తిరిగి కట్టడానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఇంతలో చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు, చాలా బండ్లు అక్కడికి మళ్ళాయి. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాల్సిన కుటుంబం ఇప్పుడు నగరానికి అటు కొసన దిగుతోంది. తెల్లవారుజామున వచ్చే బండ్లకు అందేలా చర్లపల్లి నుంచి ఆసుపత్రి వైపున్న లక్డీకాపూల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళ సమయాలు సర్దితే చాలు, వందల రూపాయల ఆటో ఖర్చు మిగులుతుంది. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదనుకుంటాను.

కొత్త స్టేషన్ నక్షాలో వాణిజ్య దుకాణాలకు చోటుంది. ప్లాట్‌ఫారానికి దగ్గరగా, జనసమ్మర్దానికి దూరంగా, గాలి ఆడే చిన్న గది ఒకటి ఈ పిల్లల కోసం కేటాయించండి. చేతులు కడుక్కునే కుళాయి, పడుకోవడానికి నాలుగు బల్లలు, తలుపు దగ్గర ఒక మనిషి ఉంటే చాలు. దానికి సుబ్బారావు గారి పేరు పెడితే సంతోషం. పేరు విషయంలో ఏవైనా ఫైళ్ళు ఆగేట్టుంటే పేరు వదిలేసి గది ముందు తెరవండి. ఎంఎంటీఎస్ సమయాల సంగతి, అత్యవసర కోటా సంగతి మాత్రం స్టేషన్ పూర్తయ్యేదాకా ఆపొద్దు. ఈ వారమే వైద్యం మొదలయ్యే బిడ్డకు ఆ స్టేషన్ పూర్తయ్యేదాకా ఆగే వీల్లేదు.

ఇట్లు,
చిలకలగూడ నివాసి