లెక్కా పత్రం: ఒక తీగ, రెండు తెరలు

తళవాయిపురంలో ఏ వీధిలో నిలబడినా కుట్టుమిషన్ల చప్పుడు వినబడుతుంది. రాజపాళయానికి నూలు మిల్లులు ఎలాగో, దాని పక్కనున్న తళవాయిపురానికి నైటీలు అలాగ. గుడ్డ కొనేది ఒకరు, కత్తిరించేది ఒకరు, కుట్టేది ఇంకొకరు, మడతపెట్టి మూటగట్టేది మరొకరు. ఇన్ని చేతులు మారే సరుకుకు బిల్లులూ అన్నే ఉంటాయి. ఆ బిల్లులను సరిచూసే పనికి చప్పుడుండదు కాబట్టి దాన్ని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తరువాత ఆ పని చాలా పెరిగింది. నెలనెలా లెక్క వేసేవాళ్ళు 11వ తేదీలోగా అమ్మకాలు చూపాలి. మనకు సరుకు అమ్మినవాళ్ళు చూపిన బిల్లులన్నీ కలిపి 14న ‘2బి’ అనే పట్టిక వస్తుంది. 20లోగా ‘3బి’ వేసి పన్ను కట్టాలి. 2022 జనవరి 1 నుంచి, 2బిలో కనబడని బిల్లు మీద మనం కట్టిన పన్ను మనకు జమ కాదు. అంటే 14కూ 20కీ నడుమ ఒకవైపు టాలీ, మరొకవైపు 2బి పెట్టుకుని బిల్లు తరువాత బిల్లు టిక్కు పెట్టుకుంటూ పోవాలి. పదిహేను అంగుళాల తెర మీద ఒకదాన్ని మూసి ఒకదాన్ని తెరుస్తూ ఈ పని చేస్తే రాత్రి పదింటికి కళ్ళు మంటలు, అంకెలు తారుమారు. ఒక్క బిల్లు జారినా పోయేది ఎవరి డబ్బో కాదు, ఆ కుట్టుపని యజమాని డబ్బే.

అందుకే ఈమధ్య మన ఇళ్ళల్లో ల్యాప్‌టాప్ పక్కన రెండేసి మానిటర్లు కనబడుతున్నాయి. చెన్నై, బెంగుళూరు కంపెనీలకు ఇంటినుంచే పనిచేసే పిల్లల బల్లల మీద కూడా అంతే. మానిటర్లు కొనడం సులభం. ఆ రెండింటినీ ల్యాప్‌టాప్‌కు తగిలించే ‘డాకింగ్ స్టేషన్’ అనే పెట్టె దగ్గరే అందరూ తడబడుతున్నారు. మూడు నెలల్లో నలుగురు అడిగారు, కాబట్టి ఈ సంచికలో దాని సంగతి చూద్దాం.

డాక్ కొత్త వస్తువేమీ కాదు. 1992లో ఆపిల్ కంపెనీ ‘పవర్‌బుక్ డ్యూయో’ అనే చిన్న ల్యాప్‌టాప్‌తోపాటు ఒక పెట్టెను అమ్మింది. వీసీఆర్‌లో క్యాసెట్ దోసినట్టు ల్యాప్‌టాప్‌ను అందులోకి దోస్తే అది బల్ల మీది కంప్యూటర్ అయిపోయేది. ఆ రోజుల్లో ఏ కంపెనీ యంత్రానికి ఆ కంపెనీ పెట్టె. తప్పు కొనే అవకాశమే తక్కువ. ఇప్పుడు అన్నింటికీ ‘టైప్-సి’ అనే ఒకే రకం రంధ్రం వచ్చింది. చూడ్డానికి ఒకటే, లోపల నాలుగు రకాలు. చిక్కంతా అక్కడే.

తళవాయిపురంలో ఒక మిత్రుని ఇంట్లో జరిగింది చెబుతాను. కొడుకు కుట్టుపని యూనిట్లకు లెక్కలు రాస్తాడు, అతనిది విండోస్ ల్యాప్‌టాప్. కోడలు చెన్నై కంపెనీ ఉద్యోగి. చంటిబిడ్డతో ఊరు కదలకుండా పని చేసుకోవచ్చని కంపెనీ ఒప్పుకుంది. వాళ్ళు ఇచ్చిన యంత్రం 2020 నాటి ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్, ఎమ్1 రకం. పగలు ఆమె, రాత్రి అతడు ఒకే బల్ల వాడుకోవచ్చని రెండు హెచ్‌డీఎమ్ఐ రంధ్రాలున్న డాక్ ఒకటి తెప్పించారు. అమ్మినవాడు ఏ ల్యాప్‌టాప్‌కైనా సరిపోతుందన్నాడు. రాత్రి కొడుకు తగిలిస్తే రెండు తెరల మీద రెండు వేరువేరు పనులు చక్కగా వచ్చాయి. పొద్దున కోడలు తగిలిస్తే రెండింటి మీదా ఒకే బొమ్మ.

“పెట్టె అదే, తీగ అదే, తెరలూ అవే మామా! నాకు మాత్రం ఎందుకిట్లా?” అంది ఆ అమ్మాయి.

పెట్టెలో దోషం లేదు. ల్యాప్‌టాప్‌లోనూ లేదు. మామూలు డాక్ బొమ్మను తయారుచెయ్యదు. ల్యాప్‌టాప్ పంపినదాన్ని పంచిపెడుతుంది, అంతే. చెరువు తూము వదిలిన నీళ్ళనే కాలువలు పంచుకుంటాయి గాని, కాలువలు ఎక్కువ తవ్వినంత మాత్రాన నీళ్ళు పెరగవు గదా! ఒకే తీగలో రెండు తెరల బొమ్మలను విడివిడిగా పంపే పద్ధతిని ‘ఎమ్ఎస్‌టి’ అంటారు. అది 2010లో డిస్‌ప్లేపోర్ట్ 1.2తో వచ్చింది. విండోస్ దాన్ని అర్థం చేసుకుంటుంది. ఆపిల్ మ్యాక్‌లు ఆ పద్ధతిలో రెండు తెరలకు వేరువేరు బొమ్మలు పంపవు. ఆ పైన ఎమ్1, ఎమ్2 రకాల మ్యాక్‌బుక్ ఎయిర్‌ల కట్టడమే బయట ఒక్క తెరకు. 2024లో వచ్చిన ఎమ్3 ఎయిర్ రెండింటికి ఒప్పుకుంటుంది గాని దాని మూత మూసి ఉంచాలి. 2025 నాటి ఎమ్4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా రెండింటిని నడుపుతుంది. అమ్మినవాడు అడగవలసిన ప్రశ్న ‘మీ ల్యాప్‌టాప్ ఏది?’ అని. వాడు అడగకపోతే మనమే చెప్పి, సమాధానం రాతలో తీసుకోవాలి.

(విండోస్ యంత్రంలో కూడా ఒకే బొమ్మ వస్తే కంగారుపడవద్దు. విండోస్ మీట, ‘పి’ అక్షరం కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకుంటే చాలాసార్లు సరిపోతుంది.)

ఇక తూము కొలత. ఇది కామర్సు చదివినవాడికి కూడా అందే లెక్కే. ఫుల్ హెచ్‌డీ తెరలో 1,920 చుక్కలు అడ్డం, 1,080 నిలువు. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు. గుణిస్తే సెకనుకు సుమారు 3 గిగాబిట్లు. 4కె తెరలో చుక్కలు దానికి సరిగ్గా నాలుగింతలు, అంటే 12. మామూలు టైప్-సి తీగలో వేగంగా పోయే నాలుగు దారులుంటాయి. డాక్‌కు పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ వేగంగా నడవాలంటే రెండు దారులు వాటికి పోయి తెరలకు రెండే మిగులుతాయి. పాత ప్రమాణంలో ఆ రెండు దారులు మోసేది 8.64 గిగాబిట్లు, కొత్తదాంట్లో 12.96. పాతదైనా రెండు ఫుల్ హెచ్‌డీ తెరలకు (3+3) హాయిగా చాలుతుంది. ఒక్క 4కె తెరకు చాలదు. అప్పుడేమవుతుంది? సెకనుకు 60 సార్లు మారవలసిన బొమ్మ 30 సార్లే మారుతుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడుస్తుంది. డాక్ అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘4కె’ అని వేసి పక్కన చిన్నగా ‘30 హెర్ట్జ్’ అని వేయడంలోని మర్మం ఇదే. లెక్కలు రాసేవాళ్ళకు రెండు ఫుల్ హెచ్‌డీ తెరలు చాలునని నా అభిప్రాయం. 4కె మోజు పడితే డాక్ ఖర్చూ దానితోపాటే పెరుగుతుంది.

మరి మీ ల్యాప్‌టాప్ ఏమివ్వగలదో తెలుసుకోవడం ఎలా? టైప్-సి రంధ్రం పక్కన మెరుపు గుర్తుంటే అది థండర్‌బోల్ట్, నిశ్చింత. థండర్‌బోల్ట్ 4 (2020) అయితే రెండు 4కె తెరలను నడపాలని నిబంధనే ఉంది, దాని తూము 40 గిగాబిట్లు. ‘డి’లో ‘పి’ ఇమిడినట్టున్న గుర్తుంటే తెర నడుస్తుంది. ఏ గుర్తూ లేకపోతే నడవవచ్చు, నడవకపోవచ్చు. అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ వివరాల పత్రం తీసి, టైప్-సి అన్న వరుసలో ‘డిస్‌ప్లేపోర్ట్’ అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే మామూలు డాక్ ఎంత ఖరీదుదైనా తెర నల్లగానే ఉంటుంది. ఫోన్ చార్జర్‌తో వచ్చిన సి-తీగను డాక్‌కు వాడి ‘పనిచేయడం లేదు’ అనేవాళ్ళూ ఉన్నారు. వాటిలో చాలావాటిలో బొమ్మ పోయే దారే ఉండదు.

చాలామందికి చెప్పవలసిన మాట ఒకటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌కు పక్కన హెచ్‌డీఎమ్ఐ రంధ్రం ఉండి, టైప్-సిలో డిస్‌ప్లేపోర్ట్ కూడా ఉంటే డాక్ అక్కరలేదు. ఒక మానిటర్ హెచ్‌డీఎమ్ఐకి నేరుగా, రెండోది సి నుంచి హెచ్‌డీఎమ్ఐకి మార్చే తీగతో. డాక్ ధరలో చిన్న వంతుతో పని ముగుస్తుంది. రోజూ ల్యాప్‌టాప్ తీసి పెట్టేవాళ్ళకు, ఒక్క తీగతో చార్జింగ్, తెరలు, మౌస్, ప్రింటర్ అన్నీ రావాలనుకునేవాళ్ళకే డాక్ సుఖం.

ఆ కోడలి విషయంలో రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, రెండు తెరలకు బదులు ఒకే వెడల్పాటి తెర. ల్యాప్‌టాప్ లెక్కలో అది ఒక్క తెరే, సగం సగం చేసి రెండు పనులు పెట్టుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్ళకు నేనిదే చెబుతాను. వీళ్ళు అప్పటికే రెండు కొనేశారు. అందుచేత రెండో దారి, ‘డిస్‌ప్లేలింక్’ రకం డాక్. ఇందులో ల్యాప్‌టాప్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ బొమ్మను కుదించి మామూలు డేటాలాగా పంపితే డాక్‌లోని చిప్ దాన్ని విప్పి తెర మీద వేస్తుంది. అందుకే ఎమ్1కైనా రెండు తెరలు వస్తాయి, డిస్‌ప్లేపోర్ట్ లేని టైప్-సికైనా వస్తాయి. అయితే ల్యాప్‌టాప్ మీద కొంత భారం పడుతుంది. రక్షణ ఉన్న సినిమాలు తెర మీద నల్లగా రావచ్చు. మ్యాక్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కు ‘స్క్రీన్ రికార్డింగ్’ అనుమతి ఇవ్వాలి. కంపెనీ ఇచ్చిన యంత్రంలో మనంతట మనం అది ఎక్కించకూడదు, చాలాచోట్ల ఎక్కించనివ్వరు కూడా. ఆ అమ్మాయి ముందుగా కంపెనీ కంప్యూటర్ విభాగానికి రాసి, సరేనని జవాబు వచ్చాకే పాత డాక్ వాపసు గడువు దాటకుండా మార్పించుకుంది. ఇప్పుడు పగలు ఆమె రెండు తెరలు, రాత్రి అతని రెండు తెరలు.

కరెంటు సంగతి. డాక్ ల్యాప్‌టాప్‌ను చార్జ్ చేసేటప్పుడు అట్ట మీద ‘100 వాట్లు’ అని ఉంటే, అది అడాప్టర్ ఇచ్చేదా, ల్యాప్‌టాప్‌కు చేరేదా అడగండి. డాక్ తనకు కొంత ఉంచుకుంటుంది. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కు 45 మాత్రమే అందితే పనిచేస్తూండగానే బ్యాటరీ మెల్లగా దిగుతుంది. మన వైపు నెలకొకసారి మరమ్మతుల పేరుతో రోజంతా కరెంటు ఆపుతారు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉందిగదా అని ధైర్యంగా ఉంటే కరెంటు పోగానే తెరలూ, డాక్ ద్వారా వచ్చే నెట్టూ ఒక్కసారిగా పోతాయి. కాబట్టి డాక్, మానిటర్లు, నెట్ పెట్టె మూడూ యూపీఎస్ మీద ఉండాలి. ఆ కరెంటు ఆపే రోజు 20వ తేదీన పడితే ఈ మాట విలువ తెలుస్తుంది.

జీఎస్టీ నంబరున్న వర్తకులు వ్యాపారానికి కొనేటప్పుడు బిల్లులో ఆ నంబరు వేయించుకోండి. కాంపొజిషన్ పద్ధతిలో లేనివాళ్ళకు ఆ పన్ను జమకు వస్తుంది. అమ్మినవాడు తన లెక్కలో ఆ బిల్లు చూపాడో లేదో, మరుసటి 14న 2బిలో చూసుకోండి.