ఫోను లాక్కుంటే సరిపోతుందా?

పిల్లల చేతిలో ఫోను చూడగానే మనకు తోచే మొదటి ఉపాయం దాన్ని లాక్కోవడం. మా ఓ.పి.లో వరుసలో కూర్చున్న తల్లుల నోట కూడా ఇదే మాట వింటుంటాము. అంతమాత్రాన బిడ్డ క్షేమంగా ఉంటుందని మేము అనుకోవడం లేదు. అదీగాక, పాలమూరు నుండి బొంబాయికి, పూనాకు పనికి పోయిన తల్లిదండ్రులు ఊళ్లో అవ్వ దగ్గరున్న బిడ్డతో మాట్లాడేది ఆ ఫోనులోనే కదా!

భయపెట్టే మెసేజ్ వస్తే ఏం చేయాలో పెద్దలమైన మనకే సరిగా తెలియదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు ఊరూరా పాకాయి. ఆ మే నెలలో, పాత నల్లగొండ జిల్లా బీబీనగర్ మండలంలోని ఒక పల్లెలో, అనుమానంతో జనం కొట్టిన దెబ్బలకు ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ వీడియోలను నమ్మి పంపినవారు చిన్నపిల్లలు కారు.

ఆ రోజుల్లోనే పాత పాలమూరులోని గద్వాలలో రెమా రాజేశ్వరిగారు ఎస్పీగా ఉన్నారు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని పోలీసులు గమనించారు. ఆమె ఎవరి ఫోనూ గుంజుకోలేదు. కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు, డప్పు కొట్టించారు, పాటలు కట్టించారు. వచ్చిన వీడియో ముందు మాకు చూపండి, తరువాతే ఇంకొకరికి పంపండి అని చెప్పించారు. ఆమె పరిధిలోని 400కు పైగా ఊళ్లలో ఈ పుకార్ల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

బిడ్డకు కూడా కావలసింది అదే, భయపడకుండా చూపించుకోవడానికి ఒక మనిషి. మోసగాడు మొదట పొగుడుతాడు, ఆటలో బహుమతి ఇస్తానంటాడు. తరువాత ఫోటో అడుగుతాడు, ‘ఇంట్లో చెప్పకు’ అంటాడు. ఫోటో చేతికి చిక్కాక అందరికీ పంపుతానని బెదిరిస్తాడు. వాడి బలమంతా బిడ్డకు మనమంటే ఉన్న భయంలోనే ఉంది. చెబితే తన్నులు తప్పవు, ఫోను పోతుంది, ఆడపిల్లయితే బడి మాన్పించి పెళ్లి చేస్తారు. ఇట్లా తెలిసిన బిడ్డ ఎందుకు చెబుతుంది?

అందుచేత పిల్లలకు ఒక్కటి నేర్పండి: ‘ఇంట్లో చెప్పకు’ అని ఎవరన్నా సరే, ఆ సంగతి ముందు ఇంట్లోనే చెప్పాలి. బిడ్డ చెప్పినప్పుడు మీరు చేయి ఎత్తకండి. మెసేజ్‌లను చెరపకండి, అవే సాక్ష్యం. బెదిరించినవాడికి డబ్బు పంపకండి. సంఘ పెద్దలకు చూపించడానికైనా సరే, ఆ ఫోటోను ఇంకొక ఫోనుకు పంపనే వద్దు. పరువు పోతుందని ఊళ్లో పంచాయితీ పెట్టి సర్దుకోవడం మాకు సమ్మతం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలకూ మగపిల్లలకూ వర్తిస్తుంది, బిడ్డ పేరు పత్రికలకెక్కకుండా కాపాడుతుంది. సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 నంబర్లున్నాయి.

ఈ రాత్రి భోజనాలయ్యాక, మీ ఫోనుకు వచ్చిన ఏదైనా వింత మెసేజ్‌ను మీరే బిడ్డకు చూపించండి. ఇది నిజమో కాదో ఎట్లా తెలుసుకుందాం బిడ్డా అని అడగండి. చాలా ఇళ్లలో ఆ సంగతి మనకంటే పిల్లలకే ఎక్కువ తెలుసు.