విశాఖ ఫ్లెక్సీ నుంచి యూట్యూబ్ థంబ్‌నెయిల్ దాకా.. ‘ఫ్రీ’ తెలుగు ఫాంట్లపై హక్కు ఎవరిది?

విశాఖపట్నం: ‘విశాఖ ఉక్కు.. ఆంధ్రుల హక్కు’. 1966 ఉద్యమంలో మార్మోగిన ఈ నినాదం ఇప్పటికీ ఫ్లెక్సీల మీద, రీల్స్‌లో, థంబ్‌నెయిల్స్‌లో కనిపిస్తూనే ఉంది. నినాదం అందరిదీ. మరి దాన్ని టైప్ చేసిన అక్షరాలు ఎవరివి? ఫ్లెక్సీ డిజైనర్ అయినా, ఫోన్‌లోనే వీడియో ఎడిట్ చేసే కుర్రాళ్లయినా చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. నెట్‌లో దొరికింది, డౌన్‌లోడ్ చేశాం, పని అయిపోయింది. అంతే!

కానీ ఫాంట్ అంటే అక్షరాల బొమ్మలు మాత్రమే కాదు. అదొక సాఫ్ట్‌వేర్ ఫైల్. తయారుచేసినవాళ్లు దాన్ని ఎలా వాడుకోవచ్చో రాసిచ్చే షరతుల పత్రమే లైసెన్స్. తెలుగు ఫాంట్ల భవిష్యత్తు చాలావరకు ఆ పత్రం మీదే ఆధారపడి ఉంది.

‘ఫ్రీ’లో మూడు రకాలు

ఇంగ్లిష్‌లో ఫ్రీ అనే ఒక్క మాటకే రెండు అర్థాలు. తెలుగులో ఆ గొడవ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన దగ్గర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే సంస్థ పేరే ‘స్వేచ్ఛ’.

ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరికే ఫాంట్లు మూడు రకాలు. మొదటిది, డబ్బు కట్టి కొనాల్సినదాన్ని ఎవరో కాపీ చేసి పెట్టింది. రెండోది, సొంత వాడకానికి మాత్రమే ఉచితం అన్నది. ఛానల్‌కి యాడ్స్ ద్వారా ఆదాయం వస్తుంటే అది సొంత వాడకం కిందకి రావడం కష్టం. మూడోది స్వేచ్ఛా లైసెన్స్ ఉన్నది. దీన్ని వ్యాపారానికీ వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి. తేడా లైసెన్స్‌లోనే ఉంటుంది.

గురజాడ, గిడుగు మన ఫోన్లలోకి..

ఉత్తరాంధ్రకు బాగా తెలిసిన రెండు పేర్లు గురజాడ, గిడుగు. ఈ ఇద్దరి పేర్లతోనూ తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటివీ ఆ కోవలోవే. వీటిని అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర అందుబాటులోకి తెచ్చింది. గూగుల్ ఫాంట్స్‌లోనూ దొరుకుతాయి. వీటికి ఉన్నది సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్, అంటే ఓఎఫ్‌ఎల్.

ఈ లైసెన్స్ షరతులు నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. ఎక్కడైనా వాడుకోవచ్చు. ఫాంట్‌ను విడిగా పెట్టి అమ్మకూడదు. మార్పులు చేసి పంచితే అదే లైసెన్స్ కింద పంచాలి. తయారుచేసినవాళ్ల కాపీరైట్ ప్రకటన, లైసెన్స్ పత్రం ప్రతి కాపీతోనూ ఉండాలి.

చిక్కు వచ్చేది ఈ చివరి షరతు దగ్గరే. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ‘తెలుగు ఫాంట్స్ ప్యాక్’లో లైసెన్స్ ఫైల్ తీసేసి ఉంటే, ఫాంట్ ఉచితమే అయినా పంచిన తీరు ఉల్లంఘనే. డబ్బు అడగని డిజైనర్‌కు మిగిలేది పేరు ఒక్కటే. అదీ పోతుంది.

జీపీఎల్‌తో వచ్చిన పేచీ

తెలుగులో పోతన2000, వేమన2000 ఫాంట్లు పాతవాళ్లకు బాగా తెలుసు. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన ఈ ఫాంట్లు లినక్స్‌లోకి జీపీఎల్ లైసెన్స్‌తో వచ్చాయి. జీపీఎల్ కోడ్‌ను కలిపి కొత్త సాఫ్ట్‌వేర్ చేసి పంచితే, అదీ జీపీఎల్ కిందే ఉండాలి. ప్రోగ్రామ్‌లకు ఇది బాగానే ఉంటుంది. మరి పీడీఎఫ్ లోపల ఫాంట్ కూడా కలిసిపోతే? ఆ పీడీఎఫ్‌కీ జీపీఎల్ వర్తిస్తుందా? ఈ అనుమానం రాకుండా పత్రాలకు ప్రత్యేక మినహాయింపు జోడించారు.

రెడ్‌హ్యాట్ 2004లో జీపీఎల్ కింద విడుదల చేసిన లోహిత్ ఫాంట్లు 2011లో ఓఎఫ్‌ఎల్‌కి మారాయి. గూగుల్ నోటో ఫాంట్లు 2015లో అదే దారి పట్టాయి. ఓఎఫ్‌ఎల్‌లో సంగతి స్పష్టం. ఫాంట్‌కి షరతులు ఉంటాయి, దానితో చేసిన పత్రానికి ఉండవు.

చట్టం ఏం చెబుతోంది?

ఉచితంగా ఇచ్చినదానికి కోర్టులో విలువ ఉంటుందా? ఉంటుంది. జీపీఎల్ షరతులు చెల్లుతాయని 2004లో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు తేల్చింది. ఓపెన్ సోర్స్ షరతులు మీరితే అది కాపీరైట్ ఉల్లంఘన అవుతుందని 2008లో అమెరికా అప్పీల్ కోర్టు చెప్పింది.

మన దగ్గర 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందే లెక్క. సెక్షన్ 63బి ఇంకా కఠినం. పైరేటెడ్ ప్రోగ్రామ్ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు శిక్ష వేయకుండా వదిలేయొచ్చు. క్రాక్ చేసిన డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే షాపులకు ఆ వెసులుబాటు వర్తించడం కష్టం.

అసలు నష్టం ఎవరికి?

కేసుల భయం ఒక్కటే కాదు. సొంత ఎన్‌కోడింగ్‌తో వచ్చిన పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన ఫైల్‌ను ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. మూల ఫైళ్లు కంపెనీ దగ్గరే ఉంటే, ఒత్తు తప్పుగా పడినా బయటివాళ్లు సరిచేయలేరు. స్వేచ్ఛా లైసెన్స్ ఉంటే పరిస్థితి వేరు. చేసినవాళ్లు పక్కకు తప్పుకున్నా, మధురవాడలో చదివే ఇంజినీరింగ్ విద్యార్థి అయినా సరే ఆ ఫైల్ తెరిచి, లోపం దిద్ది, అందరికీ ఇవ్వొచ్చు. ఎవరినీ బతిమాలక్కర్లేదు.

అయితే లైసెన్స్ హక్కు ఇస్తుందే కానీ జీతం ఇవ్వదు. ఫాంట్‌ను దిద్దే పని మాత్రం ఎవరో ఒకరు చేయాల్సిందే. తెలుగు అక్షరాలతో సంపాదిస్తున్న ఛానళ్లు, యాప్‌లు, ప్రింటర్లు ఆ పనికి ఎంత ఇస్తున్నాయన్నదే ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న. అప్పటిదాకా వాడేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఫాంట్ డౌన్‌లోడ్ చేసినప్పుడు పక్కనున్న చిన్న టెక్స్ట్ ఫైల్‌ను డిలీట్ చేయకుండా ఒకసారి తెరిచి చూడటం. అందులో మీ హక్కులూ ఉంటాయి, ఆ అక్షరాలు దిద్దిన మనిషి పేరూ ఉంటుంది.